మీ ఫోన్ సేఫే.. మరి దాని ఛార్జర్ సంగతేంటి?

ఫోన్ బాక్స్‌లోంచి ఛార్జర్ మాయమవడం 2020 అక్టోబర్‌లో ఐఫోన్ 12తో మొదలైంది. 2021 జనవరిలో గెలాక్సీ ఎస్21తో శాంసంగ్ కూడా అదే దారి పట్టింది. తర్వాత ఇంకొన్ని బ్రాండ్‌లు. "మీ ఇంట్లో ఇప్పటికే ఛార్జర్లు ఉంటాయి కదా, మళ్ళీ ఎందుకు?" అనేది వాళ్ళ లాజిక్. లాజిక్ బాగానే ఉంది గానీ మన ఇళ్ళల్లో జరుగుతున్నది వేరు. 30 వేలు, 40 వేలు పెట్టి ఫోన్ కొన్నవాళ్ళు కంపెనీ ఛార్జర్ 1500 అనగానే "ఛార్జర్‌కి అంతా?" అని ఆగిపోతున్నారు. తర్వాత బస్టాండ్ పక్కన షాపులో 150 రూపాయలకి ఒకటి తెచ్చుకుంటున్నారు. దాని మీద కూడా "65 వాట్, సూపర్ ఫాస్ట్" అనే రాసి ఉంటుంది!

ఎక్కడైనా ఫోన్ పేలిందని వార్త వస్తే అందరూ ముందు అడిగేది "ఏ కంపెనీ ఫోన్?" అని. ఏ ఛార్జర్ పెట్టారు, ఎక్కడ పెట్టి ఛార్జ్ చేస్తున్నారు, బ్యాటరీ ఎప్పుడైనా మార్పించారా అని అడిగేవాళ్ళు తక్కువ. నా లెక్కలో మాత్రం ముందు అడగాల్సినవి ఈ మూడే. ఎందుకంటే ఇవాళ్టి ఫోన్ లోపల భద్రత కోసం చాలా ఏర్పాట్లు ఉంటాయి. ఆ ఏర్పాట్లేవీ లేని వస్తువుల్ని మనమే తెచ్చి దానికి తగిలిస్తున్నాం.

అసలు ఛార్జర్ ఎక్కడ ఉంది?

గోడకి పెట్టే డబ్బాని మనం ఛార్జర్ అంటాం. టెక్నికల్‌గా అది ఛార్జర్ కాదు, పవర్ అడాప్టర్ మాత్రమే. 230 వోల్ట్‌ల ఏసీ కరెంటుని తక్కువ వోల్టేజ్ డీసీగా మార్చి ఫోన్ గుమ్మం దాకా తెచ్చి పెట్టడమే దాని పని. లోపలికి ఎంత తీసుకోవాలి, ఎప్పుడు ఆపాలి అని నిర్ణయించేది ఫోన్‌లో ఉండే ఛార్జింగ్ చిప్. మామూలు లిథియం అయాన్ సెల్‌ని 4.2 వోల్ట్‌ల దాకా నింపుతారు, ఇప్పటి ఫోన్లలో వాడే కొన్ని సెల్స్‌ని 4.4 పైదాకా కూడా. ముందు ఎక్కువ కరెంటుతో వేగంగా నింపి, పై అంచు దగ్గరకి వచ్చేసరికి కరెంటుని కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పోయి, చివరికి పూర్తిగా ఆపేస్తుంది ఆ చిప్. చివరి 20 శాతం ఎక్కడానికి అంత టైమ్ పట్టేది అందుకే.

ఇది కాక బ్యాటరీకే సొంతంగా ఒక చిన్న ప్రొటెక్షన్ సర్క్యూట్ అతికించి ఉంటుంది. వోల్టేజ్ హద్దు దాటినా, కరెంటు ఎక్కువైనా అది లైన్ కట్ చేసేస్తుంది. వేడిని కొలిచే సెన్సర్ కూడా ఉంటుంది. ఎండాకాలంలో "ఫోన్ వేడెక్కింది, ఛార్జింగ్ ఆపాం" అని మెసేజ్ వస్తుందే, అది దీని పనే.

కాబట్టి మా ఆఫీసులో వారానికి ఒకరైనా అడిగే ప్రశ్నకి జవాబు: 100 వాట్ అడాప్టర్ పెడితే 25 వాట్ ఫోన్ కాలిపోదు. యూఎస్‌బీ పవర్ డెలివరీలో మొదట వచ్చేది 5 వోల్ట్‌లే. ఆ తర్వాత రెండూ మాట్లాడుకుంటాయి. "నా దగ్గర 5, 9, 15, 20 ఉన్నాయి" అని అడాప్టర్ చెబుతుంది, "నాకు 9 చాలు" అని ఫోన్ అడుగుతుంది. అడగకుండా 20 వోల్ట్‌లు రావు. మంచి ల్యాప్‌టాప్ అడాప్టర్‌తో ఫోన్ నిశ్చింతగా ఛార్జ్ చేసుకోవచ్చు. ఒప్పో, వన్‌ప్లస్ వాళ్ళ సూపర్‌వూక్ లాంటివి వేరే భాష మాట్లాడతాయి కాబట్టి వేరే అడాప్టర్‌తో స్పీడ్ తగ్గుతుంది, అంతే. అది ఇబ్బందే గానీ ప్రమాదం కాదు.

రాత్రంతా ఛార్జింగ్ పెట్టొచ్చా అనేది కూడా ఇలాంటిదే. నిండాక ఫోనే ఆపేసుకుంటుంది. నిండుగా, వేడిగా గంటల తరబడి ఉంటే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి 80 శాతం లిమిట్ ఆప్షన్ ఉంటే ఆన్ చేసుకోండి. అయితే ఈ భరోసా అంతా ఒక్క షరతు మీద నిలబడి ఉంది. అడాప్టర్ నిజాయితీగా 5 వోల్ట్‌లో 9 వోల్ట్‌లో ఇస్తుందనే షరతు. అది తప్పి 230 వోల్ట్‌లు ఇటువైపుకి దాటితే ఫోన్‌లోని ఏ చిప్పూ అడ్డుకోలేదు. అప్పుడు సమస్య బ్యాటరీది కాదు, ఫోన్ పట్టుకున్న మనిషిది.

150 రూపాయల డబ్బా లోపల

బీటెక్‌లో ఈసీఈ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డ లక్షలమందిలో నేనూ ఒకడిని. సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని చాలా కాలమైంది గానీ పవర్ సప్లై సర్క్యూట్ చూస్తే ఇప్పటికీ గుర్తుపడతాను. పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు వంటింట్లో అమ్మ వాడుతున్న ఛార్జర్ చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. ఖాళీ అగ్గిపెట్టెలా ఉంది. అమ్మది 3.5 ఎంఎం జాక్ ఉన్న బడ్జెట్ ఫోన్. ఛార్జింగ్ పెట్టి, చెవుల్లో వైర్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, పక్కన సింకులో చేతులు కడుక్కుంటూ పిన్నితో మాట్లాడటం ఆవిడ అలవాటు.

"పనిచేస్తోంది కదరా, ఎందుకు విప్పడం? రెండేళ్ళయింది, ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు" అంది.

"దీనితో ఇబ్బంది ఒక్కసారే వస్తుందమ్మా, రెండోసారి ఉండదు" అని చెప్పి తీసుకున్నాను.

విప్పి, నా ఫోన్‌తో వచ్చిన పాత అడాప్టర్‌తో పోల్చి చూశాను. (ఇది మీరు చేయకండి. ప్లగ్ తీసేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్ట్‌లకి పైగా నిలిచి ఉండొచ్చు.) ఇక్కడ ఏం చూడాలో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మొత్తం కథ ఇక్కడే ఉంది.

అడాప్టర్ సర్క్యూట్‌ని రెండు ఊళ్ళనుకోండి. ఒకవైపు ప్రైమరీ, గోడలోంచి వచ్చే 230 వోల్ట్‌లు ఉండేది. ఏసీని డీసీ చేశాక అక్కడ దాదాపు 325 వోల్ట్‌లు ఉంటాయి. రెండోవైపు సెకండరీ, మీ ఫోన్‌కి వెళ్ళే 5 వోల్ట్‌లది. ఈ రెండింటికీ మధ్య నేరుగా తీగ కలిసి ఉండకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం ద్వారా శక్తిని ఇటు పంపుతుంది. "వోల్టేజ్ సరిపోయింది, ఇక తగ్గించు" అనే కబురు ఆప్టోకప్లర్ అనే చిన్న చిప్ వెలుగు రూపంలో అటు చేరుస్తుంది. బోర్డు మీద రెండువైపుల రాగి గీతల మధ్య ఖాళీ జాగా వదులుతారు, మంచి బోర్డుల్లో అక్కడ ఏకంగా సందు కోస్తారు. దుమ్ము, తేమ, చిన్న బొద్దింక.. ఏది చేరినా కరెంటు అటు నుంచి ఇటు దూకకూడదని.

కంపెనీ అడాప్టర్‌లో ఆ ఖాళీ కంటికి స్పష్టంగా కనిపించింది, కొన్ని మిల్లీమీటర్లు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ పసుపుపచ్చ టేప్ పొరలు, ఇన్‌పుట్ దగ్గర ఫ్యూజ్ ఉన్నాయి. అమ్మ ఛార్జర్‌లో ఫ్యూజ్ లేదు. ఆప్టోకప్లర్ కూడా లేదు. అది లేనంత మాత్రాన తప్పు కాదు, కొన్ని మంచి డిజైన్లు కూడా అది లేకుండానే పనిచేస్తాయి. కానీ ప్రైమరీ గీతకి, సెకండరీ గీతకి మధ్య ఖాళీ ఒక చోట మిల్లీమీటర్ కూడా లేదు. పైగా ఆ సందు పక్కనే ఒక సోల్డర్ బొట్టు పొంగి ఉంది. వంటింటి ఆవిరి, నూనె జిడ్డు రెండేళ్ళుగా దాని మీద పేరుకుంటున్నాయి. ఆ గ్యాప్ ఏరోజైనా మూసుకుపోతే 230 వోల్ట్‌ల దారి ఇలా ఉంటుంది: కేబుల్, ఫోన్, ఇయర్‌ఫోన్ వైరు, తల, తడి చెయ్యి, స్టీలు సింకు.

నేను చూసింది ఒక్క ముక్కే కదా అంటారేమో. కెన్ షిరిఫ్ అనే ఇంజినీర్ 2012లో డజను ఛార్జర్లు ల్యాబ్‌లో పరీక్షించి ఫలితాలు రాశారు. 2014లో అసలు ఐప్యాడ్ ఛార్జర్, నకిలీది పక్కపక్కన విప్పి చూపించారు. నకిలీదాంట్లో సరిగ్గా ఇదే జబ్బు, రెండు వైపుల మధ్య దూరం లేకపోవడం. 2016లో యూఎల్ అనే సేఫ్టీ టెస్టింగ్ సంస్థ ఆపిల్ పేరుతో అమ్ముడయ్యే 400 నకిలీ అడాప్టర్లను పరీక్షిస్తే గట్టెక్కినవి మూడే. వాటిలో 12 ప్రాణాలు తీసే షాక్ ఇవ్వగలిగేంత ఘోరంగా ఉన్నాయి. అంతకుముందు 2013లో, నకిలీ ఛార్జర్ల మీద గొడవ పెద్దదయ్యాక, ఆపిల్ ఒక ఆఫర్ కూడా పెట్టింది: అనుమానం ఉన్న అడాప్టర్ తెచ్చి ఇచ్చేస్తే అసలుది 10 డాలర్లకే ఇస్తామని. ఒక కంపెనీ తన వస్తువు ధర తానే తగ్గించుకుని నకిలీని వెనక్కి తీసుకుందంటే విషయం ఎంత దూరం వెళ్ళిందో అర్థం చేసుకోవచ్చు.

ఇక్కడ ఒక అనుమానం తీర్చాలి. మెటల్ బాడీ ఫోన్ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు వేలితో మెల్లగా రాస్తే జివ్వుమంటుంది కదా, అది షాక్ కాదు. ఎలక్ట్రికల్ నాయిస్ తగ్గించడానికి ప్రైమరీకీ సెకండరీకీ మధ్య వై కెపాసిటర్ అని ఒకటి పెడతారు. ఎర్త్ లేని రెండు పిన్నుల అడాప్టర్లలో దాని గుండా చాలా స్వల్పంగా కరెంటు లీక్ అవుతుంది, అది పావు మిల్లీ ఆంపియర్ దాటకూడదని స్టాండర్డ్ ఉంది. ఒరిజినల్ అడాప్టర్‌తో ఆ జివ్వు మామూలే. చేతిని వెనక్కి లాక్కునేలా చురుక్కుమంటే మాత్రం ముందు గోడ దగ్గర స్విచ్ ఆపండి, తర్వాతే ప్లగ్ ముట్టుకోండి. ఆ అడాప్టర్‌ని ఇంకెప్పుడూ వాడొద్దు.

ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంటే అది పెద్ద రక్షణ. 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పగానే సరఫరా ఆపేస్తుంది. దాని మీద టెస్ట్ అని చిన్న బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి పడుతోందో లేదో చూడండి. పాత ఇళ్ళలో, ఊళ్ళలో చాలాచోట్ల ఇది ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఒకసారి పెట్టిస్తే గీజర్ దగ్గర్నుంచి గ్రైండర్ దాకా అన్నిటికీ పనికొస్తుంది.

విప్పకుండా ఎలా తెలుసుకోవాలి?

మొదట బరువు. లోపల భాగాలు తగ్గించినచోట బరువు కూడా తగ్గుతుంది. చేతిలో పెట్టుకోగానే బొమ్మలా తేలిపోతే అనుమానించండి. ఇది పక్కా పరీక్షేమీ కాదు, గ్యాన్ టెక్నాలజీతో వచ్చే మంచి అడాప్టర్లు కూడా చిన్నగానే ఉంటాయి. కొన్ని నకిలీవాటిలో బరువు కోసం ఇనుప ముక్క పెట్టిన సందర్భాలూ ఉన్నాయి.

తర్వాత లేబుల్. మన దేశంలో కంపల్సరీ రిజిస్ట్రేషన్ ఆర్డర్ కింద అడాప్టర్లు, పవర్ బ్యాంక్‌లు, బ్యాటరీలు, మొబైల్ ఫోన్‌లు బీఐఎస్ రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదు. వస్తువు మీద బీఐఎస్ గుర్తు, ఐఎస్ నంబరు, ఆర్ అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబరు ఉండాలి. నంబరు ప్రింట్ చేయడం ఎవరికైనా వచ్చు, కాబట్టి అక్కడితో ఆగకండి. ప్లే స్టోర్‌లో బీఐఎస్ కేర్ యాప్ ఉంది, దాంట్లో ఆర్ నంబర్ కొడితే అది ఎవరి పేరు మీద, ఏ వస్తువుకి ఇచ్చారో వస్తుంది. అడాప్టర్ మీదున్న నంబరు కొడితే ఎవరిదో ఎల్ఈడీ బల్బుల కంపెనీ పేరు వచ్చిందనుకోండి, ఇక మాట్లాడటానికేమీ లేదు. షాపులో నిలబడే చూసుకోవచ్చు, నిమిషం పని. షాపువాడు చిరాకు పడితే పడనివ్వండి!

లేబుల్ మీద చిన్న చతురస్రం, దాని చుట్టూ పెద్ద చతురస్రం గుర్తు కూడా వెతకండి. డబుల్ ఇన్సులేషన్ ఉందని, ఎర్త్ పిన్ అవసరం లేదని దాని అర్థం. 65 వాట్ అని పెద్దక్షరాలతో రాసి, కింద అవుట్‌పుట్ దగ్గర 5 వోల్ట్‌లు 2 ఆంపియర్లు అని ఉంటే అది 10 వాట్ల డబ్బా. వోల్ట్‌లని ఆంపియర్లతో గుణించడం వస్తే చాలు, సగం మోసాలు అక్కడే దొరికిపోతాయి.

ప్లగ్ సాకెట్‌లో వదులుగా ఊగుతూ "చిట్ చిట్" మంటుంటే తప్పు సాకెట్‌దైనా అక్కడే కాలుతుంది. సాకెట్ మార్పించండి.

కంపెనీదే కొనాలా అంటే అక్కర్లేదు. బీఐఎస్ రిజిస్ట్రేషన్ సరిగ్గా ఉన్న పేరున్న యాక్సెసరీ బ్రాండ్‌ల అడాప్టర్లు 600 నుంచి వెయ్యి లోపు సేల్‌లో వస్తూనే ఉంటాయి. శాంసంగ్ ఫోన్‌కైతే పీపీఎస్ సపోర్ట్ ఉందో లేదో చూసుకోండి, లేకపోతే వాళ్ళ సూపర్ ఫాస్ట్ ఛార్జింగ్ రాదు. ఆన్‌లైన్‌లో కొంటే అమ్మేవాళ్ళెవరో చూడండి. అదే పేజీలో అసలు బ్రాండ్ ఫొటో పెట్టి ఇంకెవరో అమ్ముతుంటారు.

కేబుల్‌ని తేలిగ్గా తీసుకోవద్దు

కేబుల్ అంటే నాలుగు తీగలే కదా అనుకునే రోజులు పోయాయి. గూగుల్ ఇంజినీర్ బెన్సన్ లియుంగ్ 2015లో ఆన్‌లైన్‌లో దొరికే టైప్-సి కేబుల్స్ ఒక్కొక్కటే కొని సొంతంగా టెస్ట్ చేయడం మొదలుపెట్టారు. పాత యూఎస్‌బీ-ఎ నుంచి టైప్-సికి వచ్చే కేబుల్‌లో 56 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. "ఇటువైపున్నది పాత పోర్ట్, ఎక్కువ లాగకు" అని ఫోన్‌కి చెప్పేది అదే. చాలా కేబుల్స్‌లో 10 కిలో ఓమ్‌లది పెట్టారని ఆయన బయటపెట్టారు. 2016 ఫిబ్రవరిలో అలా టెస్ట్ చేస్తుండగా ఒక కేబుల్ ఆయన క్రోమ్‌బుక్ పిక్సెల్‌నే పాడు చేసింది. దాంట్లో లోపలి తీగలే తారుమారుగా కలిపి ఉన్నాయి.

టైప్-సి నుంచి టైప్-సికి వెళ్ళే కేబుల్ మామూలుగా 3 ఆంపియర్లు మోస్తుంది. 5 ఆంపియర్లు కావాలంటే ఈ-మార్కర్ అనే చిప్ కేబుల్ లోపల ఉండాలి. వైరు చిరిగి లోపలి తీగ కనబడుతుంటే టేప్ చుట్టి వాడకండి. కనెక్టర్ దగ్గర ప్లాస్టిక్ గోధుమరంగులోకి మారినా, కరిగిన వాసన వచ్చినా ఆ కేబుల్ పనైపోయినట్టే. పోర్ట్ తడిసిందని ఫోన్ వార్నింగ్ ఇస్తే వైర్‌లెస్ ఛార్జింగ్ వాడండి లేదా ఆరేదాకా ఆగండి. బియ్యం డబ్బాలో పెట్టొద్దని ఆపిల్ తన సపోర్ట్ పేజీలోనే రాసింది, బియ్యపు నలుసులు పోర్ట్‌లోకి వెళ్తాయని.

వేడి

ఇప్పుడు ఫోన్ లోపలికి వద్దాం. లిథియం అయాన్ బ్యాటరీలో పాజిటివ్, నెగెటివ్ పొరల మధ్య చాలా పల్చని ప్లాస్టిక్ తెర ఉంటుంది, దాన్ని సెపరేటర్ అంటారు. చుట్టూ ఉండే ఎలక్ట్రోలైట్ మంట అంటుకునే ద్రవం. తెర చిరిగినా కరిగినా లోపల షార్ట్ అవుతుంది, వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకొంత తెర పోతుంది, ఇంకా వేడి. థర్మల్ రనవే అంటే ఇదే. ఒకసారి మొదలయ్యాక ఛార్జర్ పీకేసినా ఆగదు.

2016 నాటి గెలాక్సీ నోట్ 7 గుర్తుందా? మీలో చాలామంది అప్పుడు స్కూల్లో ఉండి ఉంటారు. ఆగస్టులో వచ్చింది, సెప్టెంబర్‌లో రీకాల్ చేశారు, మార్చి ఇచ్చిన ఫోన్‌లు కూడా కాలడంతో అక్టోబర్‌లో పూర్తిగా ఆపేశారు. 2 లక్షల ఫోన్‌లు, 30 వేల బ్యాటరీలు పరీక్షించి 2017 జనవరిలో కారణం చెప్పారు. ఒక సప్లయర్ బ్యాటరీలో పై మూల దగ్గర నెగెటివ్ పొర వంగిపోయింది. రెండో సప్లయర్ దాంట్లో వెల్డింగ్ దగ్గర మిగిలిన గరుకు ముక్కలు తెరని పొడిచేశాయి. అంత పెద్ద కంపెనీ దగ్గరే అంత చిన్న తేడా ఇంత పని చేసింది. అలాంటిది డిస్‌ప్లేతో పాటు బ్యాటరీ కూడా "500కే వేస్తా బ్రో" అనే చోట వేసే సెల్ ఎక్కడిదో, ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉందో లేదో ఎవరికి తెలుసు? బ్యాటరీ మార్పించాల్సి వస్తే నా ఓటు సర్వీస్ సెంటర్‌కే, కాస్త ఖర్చయినా.

మన ఎండల సంగతి వేరే చెప్పాలా. ఐఫోన్‌ని 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని ఆపిల్ చెబుతుంది. మే నెలలో రామగుండం, ఖమ్మం, విజయవాడల్లో నీడలోనే 40 దాటుతుంది. డెలివరీ చేసే తమ్ముళ్ళు బైక్ హ్యాండిల్‌కి ఫోన్ బిగించి, మధ్యాహ్నం ఎండలో మ్యాప్స్ పెట్టి, ఫుల్ బ్రైట్‌నెస్‌తో, పవర్ బ్యాంక్ తగిలించి వాడుతుంటారు. బ్యాటరీకి ఇంతకంటే కష్టమైన పరీక్ష ల్యాబ్‌లో కూడా పెట్టరేమో. అది వాళ్ళ పని, ఫోన్ లోపల పెట్టుకోమంటే కుదరదు. కనీసం మౌంట్ మీద గొడుగులాంటి కవర్ పెట్టడం, కదులుతున్నప్పుడు కాకుండా ఆర్డర్ కోసం నీడలో ఆగినప్పుడు ఛార్జ్ చేయడం, వాయిస్ నావిగేషన్ పెట్టి స్క్రీన్ ఆపేయడం చేస్తే చాలా తేడా ఉంటుంది. ఫోన్ మండిపోతోందని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, లోపల తేమ పడుతుంది.

దిండు కింద, దుప్పటి కింద, పరుపు మీద ఛార్జింగ్ వద్దనేది కూడా ఇందుకే. వేడి బయటికి పోయే దారి దూది మూసేస్తుంది. ఒకవేళ ఏదైనా జరిగితే అంటుకోవడానికి దూదే పక్కన ఉంటుంది. ఛార్జింగ్‌లో పెట్టి గేమ్ ఆడేవాళ్ళు తమ ఫోన్‌లో బైపాస్ ఛార్జింగ్ ఆప్షన్ ఉందేమో చూడండి. అది ఉంటే కరెంటు బ్యాటరీని తప్పించి నేరుగా ఫోన్‌కి వెళ్తుంది.

పవర్ బ్యాంక్: బ్రాండ్ చూసినా సరిపోదు

2025 జూన్‌లో యాంకర్ కంపెనీ పవర్‌కోర్ 10000 అనే పవర్ బ్యాంక్‌ని రీకాల్ చేసింది. మోడల్ ఏ1263, ఒక్క అమెరికాలోనే 11 లక్షలకు పైగా. అదే నెలలో చైనాలో రోమోస్ కూడా లక్షల సంఖ్యలో వెనక్కి పిలిచింది. నెలాఖరుకి చైనా తన దేశీయ విమానాల్లో 3సి సర్టిఫికేషన్ గుర్తు లేని పవర్ బ్యాంక్‌లని పూర్తిగా నిషేధించింది. అంతకుముందు 2025 జనవరి 28న దక్షిణ కొరియాలోని గిమ్హే ఎయిర్‌పోర్టులో టేకాఫ్‌కి సిద్ధంగా ఉన్న ఎయిర్ బుసాన్ విమానం కాలిపోయింది. పైన సామాన్ల అరలో ఉన్న పవర్ బ్యాంక్ కారణమై ఉండొచ్చని దర్యాప్తులో తేలింది. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు.

అంటే బ్రాండెడ్ కొన్నా మోడల్ నంబరు రాసి పెట్టుకుని, ఏడాదికోసారైనా దాని పేరు పక్కన రీకాల్ అని వెతకడం మంచిది. ముఖ్యంగా అమెరికాలో ఉన్న అన్నయ్యో వదినో వచ్చేటప్పుడు తెచ్చిన పాత పవర్ బ్యాంక్‌లు మన ఇళ్ళల్లో బోలెడు. రీకాల్ నోటీసు కొన్నవాళ్ళ మెయిల్‌కి వెళ్తుంది గానీ వాడుతున్నవాళ్ళకి రాదు.

ఫ్లైట్‌లో అయితే పవర్ బ్యాంక్ చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు, చేతి సామానులోనే. 100 వాట్ అవర్ల లోపుంటే అనుమతి అడగక్కర్లేదు. లెక్క తేలికే: 20000 ఎంఏహెచ్ అంటే 20 ఆంపియర్ అవర్లు, దాన్ని 3.7 వోల్ట్‌లతో గుణిస్తే 74. అలా 27000 ఎంఏహెచ్ దాకా సరిపోతుంది. 500 రూపాయలకి 50000 ఎంఏహెచ్ అని అమ్ముతుంటారు చూడండి, అది నిజమైతే 185 వాట్ అవర్లు అవుతుంది, విమానం ఎక్కనివ్వరు. అబద్ధమైతే డబ్బులు పోతాయి. నిజం ఇంకోటి కూడా ఉంది, మంచి 10000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ కూడా 5 వోల్ట్‌ల దగ్గర మీ ఫోన్‌కి 6000 చిల్లర మాత్రమే ఇస్తుంది. వోల్టేజ్ పెంచడంలో, వేడి రూపంలో మిగతాది పోతుంది. లేబుల్ మీద రేటెడ్ కెపాసిటీ అని చిన్న అక్షరాల్లో ఉండేది అదే. ఆ చిన్న అక్షరాలు అసలు లేని పవర్ బ్యాంక్ కొనకండి.

బ్యాటరీ ఉబ్బితే

ఫోన్ వెనక ప్యానెల్ పైకి లేచినా, స్క్రీన్ అంచు దగ్గర సందు కనిపించినా, బల్ల మీద పెడితే బొంగరంలా తిరిగినా బ్యాటరీ ఉబ్బిందన్నమాట. లోపలి రసాయనాలు విడిపోయి గ్యాస్ చేరింది. గ్యాస్ తీసేస్తే మళ్ళీ మామూలవుతుందని సూదితో పొడిచే వీడియోలు తిరుగుతుంటాయి, ఆ పని అస్సలు చేయొద్దు. పొడవడం అంటే ఆ పల్చని తెరని మీ చేత్తో మీరే చింపడం. అదిమి మళ్ళీ ప్యానెల్ అతికించడం కూడా అంతే.

ఛార్జింగ్ పెట్టకుండా ఫోన్ ఆఫ్ చేసి, గచ్చు మీదో స్టీలు పళ్ళెంలోనో, కాగితాలకీ బట్టలకీ దూరంగా ఉంచి, డేటా కోసం ఆశపడకుండా సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళండి. తీసేసిన పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయకండి. చెత్తబండిలో నలిగితే అక్కడ మంట లేస్తుంది, ఆ బండి మీద మనుషులుంటారు. 2022 నాటి బ్యాటరీ వేస్ట్ రూల్స్ ప్రకారం పాత బ్యాటరీల సేకరణ బాధ్యత తయారీదారులది. సర్వీస్ సెంటర్లో ఇవ్వొచ్చు, ఈ-వేస్ట్ తీసుకునే సెంటర్ దగ్గర్లో ఉంటే అక్కడ ఇవ్వొచ్చు. ఇచ్చేముందు టెర్మినల్స్ మీద టేప్ వేయండి.

పొగ మొదలైతే ఫోన్ ఎత్తుకుని పరుగెత్తకండి, చేతిలోనే అంటుకోవచ్చు. ప్లగ్‌లో ఉంటే ముందు బోర్డు దగ్గర స్విచ్, వీలైతే మెయిన్ ఆపండి. కరెంటు పూర్తిగా పోయాకే నీళ్ళు పోయండి. లిథియం మీద నీళ్ళు పోయకూడదు కదా అని చాలామంది అడుగుతారు. ఫోన్ బ్యాటరీలో ఉండేది లిథియం లోహపు ముద్ద కాదు, దాని సమ్మేళనాలు. ఇక్కడ నీళ్ళ పని చల్లార్చడం, విమానాల్లో సిబ్బంది చేసేదీ అదే. మంట ఆరినట్టు కనిపించినా మళ్ళీ లేవొచ్చు, అందుకే ఒక గ్లాసుతో ఆపకుండా బకెట్ నీళ్ళు పోస్తూనే ఉండండి. ఆ పొగ పీల్చకూడదు. కిటికీలు తెరిచి అందరినీ గదిలోంచి బయటికి పంపండి, మంట పరుపుకో కర్టెన్‌కో పాకితే 101కి ఫోన్ చేయండి. ఇంకో ఫోన్ నుంచి.